శాక్రమెంటో కింగ్స్ ఊరు వదిలి వెళ్లకుండా ఎలా ఆగింది? తరచుగా అడిగే ప్రశ్నలు

కాలిఫోర్నియాలో శాక్రమెంటో పక్కన ఫోల్సమ్, రోజ్‌విల్లే వైపు ఉద్యోగాలకు కొత్తగా వచ్చిన మనవాళ్లు మొదటిసారి ఇక్కడి బాస్కెట్‌బాల్ టీమ్ కింగ్స్ మ్యాచ్‌కి వెళ్లొచ్చాక ఒకటే అడుగుతారు, ఇంత చిన్న ఊళ్లో ఈ టీమ్ మీద ఇంత పిచ్చి ఏంటి అని. 2011 నుంచి 2013 దాకా ఇక్కడున్నవాళ్లకు ఆ పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. మూడేళ్లు వరుసగా, వేసవి వచ్చేసరికి టీమ్ పోతోందన్న టెన్షన్. నేను ఆ మూడేళ్లూ ఇక్కడే ఉన్నాను, నిద్ర మానుకుని వార్తలు చూశాను, సిటీ కౌన్సిల్ మీటింగులకు వెళ్లాను. ఎప్పుడూ అడిగే ప్రశ్నలే కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను.

ఊరి పేరుతో ఉన్న టీమ్‌ని ఎవరైనా ఎలా తీసుకుపోతారు?

మనకి ఐపీఎల్ అలవాటు కాబట్టి ఇది ఒక పట్టాన అర్థం కాదు. 2009లో కప్పు గెలిచిన దక్కన్ చార్జర్స్ 2012లో రద్దయింది గుర్తుందా? ఆ తర్వాత సన్ టీవీ వాళ్లు వచ్చి సన్‌రైజర్స్ అని కొత్త పేరు పెట్టి, మళ్లీ ఉప్పల్‌లోనే ఆడించారు. ఓనర్ మారాడు, పేరు మారింది, ఊరు మాత్రం అలాగే ఉంది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో దీనికి పూర్తిగా రివర్స్. టీమ్ అనేది ఓనర్ ఆస్తి. లీగ్‌లోని మిగతా ఓనర్లు ఒప్పుకున్నారంటే ఆటగాళ్లు, కోచ్‌లు, రికార్డులు, కావాలంటే పేరుతో సహా మూటగట్టుకుని ఇంకో ఊరికి వెళ్లిపోవచ్చు. ఇరవై ఏళ్లు టికెట్లు కొన్నవాళ్లకు ఓటు లేదు.

కింగ్స్ మొదటి నుంచీ శాక్రమెంటో టీమేనా?

కాదు. రోచెస్టర్‌లో రాయల్స్ పేరుతో మొదలైంది, గెలిచిన ఒకే ఒక్క ఎన్‌బీఏ టైటిల్ కూడా 1951లో అక్కడే. 1957లో సిన్సినాటి వెళ్లింది, 1972లో కాన్సాస్ సిటీ వెళ్లి కింగ్స్ అని పేరు మార్చుకుంది, 1985లో శాక్రమెంటో వచ్చింది. అంటే మనం కూడా ఒకప్పుడు వేరే ఊరి వాళ్ల టీమ్‌ని తెచ్చుకున్నవాళ్లమే, కాన్సాస్ సిటీలో ఆ రోజు ఎవరో మనలాగే ఏడ్చి ఉంటారు. కాకపోతే అప్పట్లో ఈ ఊరికి పెద్ద లీగుల్లో ఉన్నది ఈ ఒక్క టీమే. వచ్చిన కొత్తలో టీమ్ ఓడుతున్నా ఏళ్ల తరబడి హాలు నిండిపోయేది. లాస్ ఏంజిలస్ టీమ్ లేకర్స్ కోచ్ ఫిల్ జాక్సన్ ఒకసారి ఈ ఊరిని పల్లెటూరు కింద తీసిపారేస్తే, అవును మాది ఆవుల ఊరే అని జనం ఆవు మెడలో కట్టే గంటలు తెచ్చి లేకర్స్ బెంచీ వెనక చెవులు చిల్లులు పడేలా మోగించారు. ఆ గంటలు ఇప్పటికీ వినిపిస్తాయి.

గొడవంతా ఎరీనా గురించేనా? పాతదానికి ఏమైంది?

ఎరీనా అంటే మ్యాచ్‌లు ఆడే హాలు. పాతది ఊరి అంచున నటోమస్‌లో, పొలాల మధ్య 1988లో కట్టిన ఆర్కో ఎరీనా. 17,317 సీట్లు. మోత విషయంలో దానికి సాటి వచ్చే హాలు లీగ్‌లో అరుదు. క్రిస్ వెబర్, వ్లాడే డివాచ్, మైక్ బిబ్బీల టీమ్ 2002లో లేకర్స్‌తో ఏడో మ్యాచ్ దాకా పోరాడి ఓడింది అక్కడే. ఫ్యాన్‌కి అది గుడి లాంటిది.

ఓనర్ లెక్క వేరు. ఎన్‌బీఏలో దేశవ్యాప్త టీవీ డబ్బు అందరూ పంచుకుంటారు, కానీ ఎరీనాలో వచ్చే డబ్బు చాలావరకు ఆ టీమ్‌దే. లగ్జరీ బాక్సులు, క్లబ్ సీట్లు, తిండి, ప్రకటనలు. ఆర్కో కట్టిన కాలానికి అవేవీ పెద్దగా లేవు, నడిచే దారులు ఇరుకు, ఇంటర్వెల్‌లో బాత్రూమ్ లైన్లో నిలబడితే మూడో క్వార్టర్ సగం అయిపోయేది. దానికి తోడు 1997లో అప్పటి ఓనర్లకు సిటీ సుమారు 73 మిలియన్ డాలర్లు అప్పుగా ఇచ్చింది, ఆ అప్పు తర్వాత వచ్చిన మలూఫ్ కుటుంబం నెత్తిన పడింది. మలూఫ్‌లది లాస్ వేగస్‌లో కేసినో వ్యాపారం. 2008 మాంద్యం వాళ్లని గట్టిగానే దెబ్బ కొట్టింది. చేతిలో డబ్బు లేని ఓనర్, పాతబడిన హాలు, చిన్న మార్కెట్. ఈ మూడూ కలిసిన చోట టీమ్ నిలవడం కష్టం.

2006లో ప్రజలే వద్దన్నారట కదా?

అవును. కొత్త ఎరీనా కోసం కౌంటీలో అమ్మకపు పన్ను పావు శాతం పెంచే ప్రతిపాదన నవంబర్ 2006లో చిత్తుగా ఓడిపోయింది. నాకు అందులో ఓటర్ల తప్పేమీ కనిపించదు. ఆ తర్వాత ఎన్‌బీఏ స్వయంగా దిగి రాష్ట్ర ఎగ్జిబిషన్ జరిగే కాల్ ఎక్స్‌పో మైదానంలో కట్టిద్దామని చూసింది, అదీ కుదరలేదు.

అనాహైమ్ వెళ్లిపోతున్నారని ఎప్పుడు తెలిసింది?

2011 మొదట్లో. మార్చి నెలాఖరుకి, లాస్ ఏంజిలస్ పక్కనున్న అనాహైమ్ సిటీ కౌన్సిల్ టీమ్‌ని రప్పించడానికి 75 మిలియన్ డాలర్ల బాండ్లకు ఓకే చెప్పేసింది, అనాహైమ్ రాయల్స్ అనే పేరుకి ట్రేడ్‌మార్క్ దరఖాస్తు కూడా పడింది. పని అయిపోయిందనే అందరం అనుకున్నాం.

ఆ ఏడాది ఏప్రిల్ 13న సీజన్ ఆఖరి మ్యాచ్, ఎదురుగా లేకర్స్. చాలామంది చివరి చూపు కోసం వచ్చారు. 20 పాయింట్లు వెనకబడిన టీమ్ లేచి ముందుకొచ్చింది, లేకర్స్ కోబీ బ్రయాంట్ చివరి క్షణాల్లో మూడు పాయింట్ల షాట్ కొట్టి స్కోరు సమం చేసి ఓవర్‌టైమ్‌కి లాక్కెళ్లాడు, 116-108తో మనం ఓడిపోయాం. మ్యాచ్ అయిపోయింది, జనం కదల్లేదు. లైట్లు తగ్గించినా కదల్లేదు. నా పక్క సీట్లో ఒక పెద్దాయన మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని అలా కోర్టు వైపే చూస్తూ ఉండిపోయారు. మేం ఒక్క మాట మాట్లాడుకోలేదు, వెళ్లేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి వెళ్లారు.

ఆ వారంలోనే మేయర్ కెవిన్ జాన్సన్, ఈ ఊళ్లోనే పుట్టి ఎన్‌బీఏలో ఆడిన మనిషి, న్యూయార్క్ వెళ్లి ఓనర్ల ముందు ఊరి తరఫున మాట్లాడారు. స్థానిక వ్యాపారుల నుంచి కొత్త స్పాన్సర్‌షిప్ హామీలు పట్టుకెళ్లారు. లాస్ ఏంజిలస్ చుట్టుపక్కల మూడో టీమ్ రావడం లేకర్స్‌కీ క్లిప్పర్స్‌కీ ఇష్టం లేదు, అది కూడా మనకి కలిసొచ్చింది. మే 2న మలూఫ్‌లు ఇంకో ఏడాది ఉంటామన్నారు. షరతు ఏంటంటే 2012 మార్చి 1 లోపు ఎరీనాకి ప్లాన్ సిద్ధం కావాలి.

మరి 2012లో డీల్ కుదిరింది అన్నారు, ఎలా చెడిపోయింది?

దీని గురించి అడిగితే నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

2012 ఫిబ్రవరి 27న, ఆల్-స్టార్ వీకెండ్ అయిన మర్నాడు, ఓర్లాండోలో డీల్ కుదిరిందని ప్రకటించారు. డౌన్‌టౌన్ పక్కన పాత రైల్వే యార్డుల స్థలంలో సుమారు 391 మిలియన్ డాలర్ల ఎరీనా. సిటీ వాటా 255.5 మిలియన్లు, అదీ ఎక్కువగా పార్కింగ్ గ్యారేజీల ఆదాయాన్ని ప్రైవేటు వాళ్లకు లీజుకిచ్చి తెచ్చేది. మలూఫ్‌లు 73.25 మిలియన్లు, ఎరీనా నడిపే ఏఈజీ కంపెనీ 58.75 మిలియన్లు. ఆ వెంటనే జరిగిన హోమ్ మ్యాచ్‌లో మేయర్, మలూఫ్ సోదరులు కోర్టు మధ్యలో నిలబడి చేతులు పైకెత్తారు. హాలు దద్దరిల్లిపోయింది. మార్చి 6న కౌన్సిల్ 7-2తో టర్మ్ షీట్ ఆమోదించింది.

తర్వాత నెమ్మదిగా మలూఫ్‌ల మాట మారింది. డిజైన్, పర్యావరణ సమీక్ష లాంటి ముందస్తు ఖర్చుల్లో తమ వాటా 3 మిలియన్లకు పైగా ఉంటుంది, అది కట్టబోమన్నారు. మా తరఫున ఎన్‌బీఏ ఒప్పుకుంది కానీ మేం ఒప్పుకోలేదన్నారు. ఒక ఆర్థికవేత్తను తీసుకొచ్చి సిటీ లెక్కలే తప్పన్నారు. చివరికి పాత ఎరీనాకే మరమ్మతు చేద్దామన్నారు. 2012 ఏప్రిల్ 13, సరిగ్గా ఆ కన్నీళ్ల మ్యాచ్ జరిగిన తేదీకే, డీల్ చచ్చిపోయింది. నోటి దాకా వచ్చిన ముద్ద జారిపోయినట్టైంది.

మా అందరికీ అప్పుడే తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. టర్మ్ షీట్ అంటే ఒప్పందం కాదు. మన లెక్కలో చెప్పాలంటే తాంబూలాలు పుచ్చుకోవడం లాంటిది, మూడు ముళ్లు పడలేదు. ఎవరు ఎంత ఇవ్వాలో సుమారుగా రాసుకుంటారు, సంతకాలు చేయాల్సిన అసలు పత్రాలు తర్వాత వస్తాయి, మధ్యలో ఎవరైనా లేచి వెళ్లిపోవచ్చు. పార్టీ చేసుకున్నాం మేం, ఆ పత్రం నలభై పేజీలైనా పది పేజీలైనా ఒక్కరమూ తెరిచి చదవలేదు.

సియాటిల్ వాళ్లు మన టీమ్‌ని లాక్కోవాలని చూశారు కదా, వాళ్ల మీద కోపం లేదా?

అప్పుడు ఉండేది. ఇప్పుడు లేదు. వాళ్ల కథ వినండి. 1967 నుంచి వాళ్లకి సూపర్‌సోనిక్స్ ఉండేది, 1979లో ఛాంపియన్లు కూడా. స్టార్‌బక్స్ అధినేత హోవార్డ్ షుల్ట్జ్ ఆ టీమ్‌ని 2006లో ఓక్లహోమా సిటీకి చెందిన క్లే బెన్నెట్ బృందానికి 350 మిలియన్ డాలర్లకు అమ్మేశారు. అదే ఏడాది ఓటర్లు ఎరీనాలకు నగర డబ్బు ఇవ్వకుండా కట్టుదిట్టం చేస్తూ తీర్పిచ్చారు. 2008 జూలైలో లీజు ఇంకా రెండేళ్లు ఉండగానే సిటీ 45 మిలియన్లు తీసుకుని కేసు రాజీ చేసుకుంది, టీమ్ వెళ్లిపోయింది. పేరు, రంగులు మాత్రం సియాటిల్‌లో మిగిలాయి.

2013 జనవరిలో డబ్బున్న ఇన్వెస్టర్లు క్రిస్ హాన్సెన్, స్టీవ్ బామర్ బృందం మలూఫ్‌ల దగ్గర 65 శాతం వాటా కొని టీమ్‌ని సియాటిల్ తీసుకెళ్తామని ప్రకటించినప్పుడు అక్కడ పండగ చేసుకున్నవాళ్లు, మనలాగే దెబ్బతిన్నవాళ్లు. ఆ ఊరికి టీమ్ రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను, ఇంకో ఊరి కడుపు కొట్టకుండా.

వివేక్ రణదివే ఎక్కడి నుంచి వచ్చారు?

ముంబైలో పుట్టి పెరిగి, అమెరికా వచ్చి టిబ్‌కో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన మనిషి. అప్పటికి గోల్డెన్ స్టేట్ వారియర్స్‌లో చిన్న వాటా ఉండేది. హాన్సెన్ వాళ్లు టీమ్ మొత్తానికి 525 మిలియన్ డాలర్ల విలువ కట్టారు, దానికి దీటుగా కొనేవాళ్లు ఉంటే తప్ప ఊరికి మాట్లాడే హక్కే లేదు. మేయర్ ముందు వ్యాపారవేత్తలు రాన్ బర్కిల్, మార్క్ మాస్ట్రోవ్‌లను తెచ్చారు, మార్చిలో రణదివే ముందుకొచ్చారు, బర్కిల్ తర్వాత తప్పుకున్నారు. చివరికి సుమారు 535 మిలియన్ల విలువతో రణదివే బృందం కొంది, ఎన్‌బీఏలో ఒక టీమ్‌కి మెజారిటీ ఓనరైన తొలి భారత సంతతి వ్యక్తి ఆయనే. 2019 అక్టోబర్‌లో ముంబైలో కింగ్స్, పేసర్స్ ఆడిన మ్యాచ్‌లు మీలో కొందరు చూసే ఉంటారు. ఆయన వచ్చాక మన ఆఫీసుల్లో, కమ్యూనిటీ ఫంక్షన్లలో కింగ్స్ మాట మొదలైంది, అంతకుముందు అందరం క్రికెటే.

టీమ్ మీద నిర్ణయాలు ఆయన తీసుకున్నవన్నీ నాకు నచ్చాయని కాదు. మొదటి తొమ్మిదేళ్లు ప్లేఆఫ్స్ మొహం చూడలేదు.

ఎన్‌బీఏ ఓటింగ్ ఎలా జరుగుతుంది?

టీమ్ తరలించాలనుకున్న ఓనర్ మామూలుగా మార్చి 1 లోపు దరఖాస్తు పెట్టాలి. ఓనర్లతో ఒక కమిటీ వేస్తారు, వాళ్లు సిఫారసు చేస్తారు, తర్వాత 30 మంది ఓనర్ల బోర్డు ఓటు వేస్తుంది. తరలింపుకి మామూలు మెజారిటీ చాలు. టీమ్ అమ్మకానికి అయితే నాలుగింట మూడొంతులు కావాలి. 2013లో ఆ కమిటీకి అధ్యక్షుడు ఎవరో తెలుసా? సోనిక్స్‌ని తీసుకెళ్లిన క్లే బెన్నెట్. ఆ పేరు వినగానే మా గుండె జారిపోయింది.

కానీ ఏప్రిల్ 29న కమిటీ ఏకగ్రీవంగా తరలింపు వద్దంది. హాన్సెన్ వాళ్లు విలువని 625 మిలియన్లకు పెంచారు. మే 15న డాలస్‌లో ఓటు, 22-8తో తరలింపు ఓడిపోయింది. ఆఫీసులో ఫోన్ చూసుకుని నేను కారులోకి వెళ్లి కూర్చున్నాను, కాసేపు బయటికి రాలేకపోయాను.

ఫ్యాన్స్ వల్లే ఆగిందా? నిజం చెప్పండి.

ఫ్యాన్స్ ఒక్కరి వల్ల ఆగలేదు. కొనేవాళ్లు దొరక్కపోయినా, 2013 మార్చి 26న కౌన్సిల్ 7-2తో డౌన్‌టౌన్ ప్లాజా ఎరీనా టర్మ్ షీట్ ఆమోదించకపోయినా టీమ్ పోయేది. అయితే ఫ్యాన్స్ లేకపోతే ఆ రెండూ జరిగేవి కావు, ఇది నేను గట్టిగా నమ్ముతాను. ఓనర్లకు కన్నీళ్లు లెక్కకు రావు, కన్నీళ్లను లెక్కపెట్టగలిగే రూపంలోకి మార్చాలి. ఇక్కడి వాళ్లు అదే నేర్చుకున్నారు. కొత్త ఓనర్లు వస్తే సీజన్ టికెట్ కొంటామని వేల సంఖ్యలో పేర్లు రాసిచ్చారు. కౌన్సిల్ మీటింగులకు టీమ్ రంగైన ఊదా చొక్కాలతో వచ్చి రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్నారు. నేనూ ఒకసారి మైకు ముందు రెండు నిమిషాలు మాట్లాడాను, కాళ్లు వణికాయి.

మాలో మాకే ఒక పెద్ద తగువు ఉండేది. మలూఫ్‌ల జేబులోకి డబ్బు పోతుంది కాబట్టి మ్యాచ్‌లకు వెళ్లకూడదని సగం మంది. ఖాళీ సీట్లు చూపించి ఈ ఊరికి ఆసక్తి లేదంటారు, వెళ్లి తీరాలని మిగతా సగం. స్నేహితులు మాటలు మానేసుకున్నారు దీని మీద. నేను వెళ్లాను. వెళ్లనివాళ్లది తప్పని ఇప్పటికీ అనలేను.

ఓటు తర్వాత అంతా సాఫీగా జరిగిందా?

లేదు. ఎరీనా సబ్సిడీ మీద ప్రజల ఓటు పెట్టాలని సంతకాల సేకరణ జరిగింది. అది న్యాయమైన కోరికే, కానీ దానికి హాన్సెన్ దగ్గర నుంచి 100,000 డాలర్లు వచ్చాయని 2013 ఆగస్టులో బయటపడింది, దాచినందుకు తర్వాత జరిమానా పడింది. పత్రాల్లో లోపాలున్నాయని 2014లో సిటీ ఆ పిటిషన్లు తిరస్కరించింది, కోర్టు కూడా సమర్థించింది. ఇంకో కేసు 2015 దాకా నడిచి సిటీకి అనుకూలంగా తేలింది. తుది ఆమోదం 2014 మే 20న వచ్చింది, గోల్డెన్ 1 సెంటర్ 2016 శరదృతువులో తెరుచుకుంది.

ప్రజల డబ్బు కోటీశ్వరులకు ఎందుకు ఇవ్వాలి?

ఈ ప్రశ్న అడిగేవాళ్ల మీద విరుచుకుపడే ఫ్యాన్స్ ఉన్నారు, నాకది అస్సలు నచ్చదు. తుది డీల్‌లో సిటీ వాటా సుమారు 255 మిలియన్ డాలర్లు, చాలావరకు పార్కింగ్ ఆదాయం చూపించి తెచ్చిన బాండ్లు. మీటర్లో మీరు వేసే డబ్బు అన్నమాట. అది రోడ్లకో లైబ్రరీలకో పోయి ఉండొచ్చు. ఎరీనాలు పెట్టిన డబ్బు తిరిగి తెస్తాయన్న మాటని ఆర్థికవేత్తలు ఎక్కువమంది ఒప్పుకోరు. 2020లో కోవిడ్‌తో డౌన్‌టౌన్ ఖాళీ అయినప్పుడు పార్కింగ్ ఆదాయం ఎలా పడిపోయిందో కూడా చూశాం.

నా మట్టుకు నేను ఆ డబ్బు ఇవ్వాలనే కోరుకున్నాను, ఊరంతా ఒకచోట కూర్చుని ఒకే గొంతుతో అరిచే చోటు ఇది ఒక్కటే ఉంది కాబట్టి. అది లాభం లెక్క కాదు, పార్కు కట్టినట్టు కట్టుకున్నాం. అలాగే చెప్పాలి జనానికి. లాభం వస్తుందని చెప్పి కట్టకూడదు.

మా ఊళ్లో కూడా ఎరీనా డీల్ ఆగిపోయింది. ఏం చేయమంటారు?

ముందు కాగితాలు చదవండి. కౌన్సిల్ మీటింగ్‌కి ముందే అజెండా, సిబ్బంది నివేదిక బయట పెడతారు, అందులో ఈ పత్రం ఎవరినైనా కట్టిపడేస్తుందా లేదా అన్నది రాసి ఉంటుంది. ఖర్చు పెరిగితే ఎవరు భరిస్తారో చూడండి. టీమ్ వెళ్లిపోతే పరిహారం ఎంతో, లీజు ఎన్నేళ్లో చూడండి. మా కొత్త లీజు 35 ఏళ్లది, వెళ్లకూడదన్న షరతుతో. 2017 లోపు ఎరీనా రాకపోతే టీమ్‌ని తీసుకునే హక్కు ఎన్‌బీఏ పెట్టుకుంది, ఆ గడువు లేకపోతే పని ఇంత త్వరగా జరిగేది కాదు. లీజులో ఇంకా ఏళ్లు మిగిలి ఉంటే వాటిని తేలిగ్గా వదలొద్దని మీ కౌన్సిలర్‌కి చెప్పండి, మీ దగ్గరున్న బలం అదే.

మీ ఊరి వైపు కొనేవాళ్లు ఎవరున్నారో ఇప్పుడే వెతకమని అడగండి. అమ్మకం ప్రకటించాక వెతకడం మొదలుపెడితే మాలాగా నిద్రలుండవు. ఇంకొకటి, వ్యతిరేకించేవాళ్లతో మర్యాదగా ఉండండి, రేపు టీమ్ మిగిలితే ఆ పన్ను వాళ్లూ కడతారు.

పాత ఎరీనా ఇప్పుడు చూడొచ్చా?

లేదు. 2022లో కూల్చేశారు.

రాత్రిపూట ఆకాశంలోకి కనిపించే ఆ ఊదా రంగు వెలుగు ఏంటి?

డౌన్‌టౌన్ ఎరీనా పైనుంచి వేసే లేజర్. 2022 అక్టోబర్‌లో మొదలైంది, టీమ్ గెలిచిన ప్రతి రాత్రీ వేస్తారు, ఇక్కడ ఆడినా బయట ఆడినా. ఆ సీజన్‌లోనే 16 సీజన్ల తర్వాత ప్లేఆఫ్స్ చేరాం, 48 విజయాలతో. మా అమ్మాయి 2013లో పుట్టింది, టీమ్ పోబోయిందని చెబితే నమ్మదు. గెలిచిన రాత్రి హైవే మీద వస్తుంటే ముందు తనే చూస్తుంది. "నాన్నా, వేశారు" అంటుంది.